మన్యం జ్వరం - ఒక్క ఎర్రర్ మెసేజీ, వెనక ఎన్ని బగ్గులో!

500 ఇంటర్నల్ సర్వర్ ఎర్రర్ గురించి మనవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. డేటాబేస్ పడిపోయినా అదే మెసేజీ, డిస్కు నిండిపోయినా అదే, ఎవడో అర్ధరాత్రి కాన్ఫిగ్ ఫైల్లో ఒక కామా ఎగరగొట్టినా అదే. తెర మీద కనిపించేది ఒకటే. లోపల జరిగేది వేరు. లాగ్ తెరిచి చూడకుండా సర్వర్ రీస్టార్ట్ చేసేవాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు, సగం సార్లు పనయిపోతుంది కూడా. ఆ మిగతా సగం సార్లే ప్రాణం మీదకొస్తుంది.

"మన్యం జ్వరం" సరిగ్గా అలాంటి మెసేజీ. విశాఖ, తూర్పు గోదావరి, విజయనగరం ఏజెన్సీ కొండల్లోకి వెళ్ళినవాడికి చలి, వొళ్ళు నొప్పులు, తలపోటు, వాంతులు మొదలైతే మన పెద్దవాళ్ళు ఆ ఒక్క మాటతో సరిపెట్టేవాళ్ళు. గెజిటీర్లలో ఇంగ్లీషు వాళ్ళు కూడా "కొండ జ్వరం", "అడవి జ్వరం" అనే రాసుకున్నారు. రోగానికి పేరు పెట్టమంటే చోటు పేరు పెట్టారన్నమాట! చూడ్డానికి ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, నూటయాభై ఏళ్ళ చరిత్ర తిరగేస్తే ఈ పేరు పెట్టడంలోనే చాలా ప్రాణాలు పోయాయని నాకనిపిస్తుంది. ఆ కథే ఈ టపా.

ముందు మన తెలుగు మాట ఒకటి చూద్దాం. కొత్త ఊరికి వెళ్ళి జబ్బు పడితే మనం "నీళ్ళు పడలేదు" అంటాం. ఏజెన్సీకి బదిలీ అయిన మేష్టారైనా, కలప కాంట్రాక్టరు గుమాస్తా అయినా, జ్వరంతో కొండ దిగితే "మన్యం నీళ్ళు పడలేదు పాపం" అనేవాళ్ళు. ఇది చదువుకోని వాళ్ళ నమ్మకం అని నవ్వేయకండి. అప్పటి యూరపు డాక్టర్లు "గాలి పడలేదు" అనేవాళ్ళు, అంతే తేడా. మలేరియా అన్న మాటకి ఇటాలియన్‌లో అర్థం చెడ్డ గాలి. బురద నేలలోంచి, కుళ్ళిన ఆకుల్లోంచి ఒక విషపు ఆవిరి లేస్తుందనీ, అది పీల్చినవాడికి జ్వరం వస్తుందనీ పంతొమ్మిదో శతాబ్దంలో చాలా కాలం పాటు వైద్యశాస్త్రమే చెప్పింది.

ఈ ఆవిరికి కుంపిణీ వాళ్ళు ఎంత భయపడ్డారంటే, కొండల్లో నేరుగా కాపురం పెట్టి పాలించే ధైర్యం చాలాకాలం చేయలేదు. 1839లో గంజాం-విశాఖపట్నం చట్టం తెచ్చి, కొండ ప్రాంతాలని మామూలు కోర్టుల నుంచీ రెవెన్యూ నుంచీ తప్పించి, గవర్నరు గారి ఏజెంటుకి అప్పగించారు. "ఏజెన్సీ" అన్న పేరు వచ్చింది అక్కణ్ణించే. దీనికి రాజకీయ కారణాలు ఉన్నాయి, జమీందార్లతో గొడవలు ఉన్నాయి. కానీ కొండెక్కిన ప్రతి పటాలం సగం మందిని డోలీల్లో దింపుకోవాల్సి వస్తుందన్న లెక్క కూడా అందులో ఉంది.

1860 ప్రాంతంలో గాలికొండ దగ్గర తెల్ల సైనికుల కోసం ఆరోగ్య కేంద్రం కట్టాలని చూశారు. అనంతగిరి దాటాక మనం కారాపి కాఫీ తాగి, బొంగులో చికెన్ తిని ఫొటోలు దిగే చోటే. ఎత్తు, చల్లదనం చూసి ఇంకో ఊటీ అవుతుందనుకున్నారు. తీరా వెళ్ళిన సైనికులు జ్వరాలతో కూలబడ్డారు, ఆ ఆలోచన అక్కడితో ఆగిపోయింది. ఊటీ సుమారు 2,200 మీటర్ల ఎత్తు. గాలికొండ శిఖరం పదహారు వందల పైచిలుకు, చుట్టూ ఉన్న లోయలు, మనుషులు తిరిగే దారులు ఇంకా కింద. మలేరియా దోమకి ఈ ఎత్తు ఏమీ అడ్డు కాదు. కొండ అయితే చాలు, ఆరోగ్యం వస్తుందనుకున్నారు. కొండ కొండకీ తేడా ఉంటుందని జ్వరం వచ్చాక తెలిసింది.

1879 మార్చిలో రంప తిరుగుబాటు మొదలైంది. కల్లు పన్ను, మున్సబుదారు దోపిడీ, పోలీసుల జులుం... కారణాలు చాలా ఉన్నాయి, అవి ఇంకో టపాకి సరిపడా సరుకు. కారం తమ్మన్నదొర, చంద్రయ్య లాంటి నాయకులు. అణచడానికి మద్రాసు పదాతి రెజిమెంట్లని ఒకదాని వెనక ఒకటి పంపారు, సాపర్లని పంపారు, హైదరాబాదు కంటింజెంట్ నుంచీ తెప్పించారు. కొన్ని వందల మంది కొండవాళ్ళని పట్టుకోడానికి అంత సైన్యం ఎందుకయ్యా అంటే, ఒక కారణం ఆ అడవి, రెండోది జ్వరం. ఎదురు కాల్పుల్లో పోయినవాళ్ళ కంటే మంచం పట్టినవాళ్ళు చాలా ఎక్కువ. డేవిడ్ ఆర్నాల్డ్ అనే చరిత్రకారుడు గూడెం-రంప పితూరీల మీద రాసిన వ్యాసం బాగా పేరున్నది, ఈ సంగతి ఆయనా ఎత్తి చూపించాడు. 1922-24లో అల్లూరి సీతారామరాజు కాలానికి క్వినైను చేతిలో ఉంది, మలబార్ పోలీసులొచ్చారు, తర్వాత అస్సాం రైఫిల్స్ వచ్చారు. అయినా ఆ కొండల్లో కాలం గడపడం వాళ్ళకి సుఖంగా ఏమీ సాగలేదు.

ఇక్కడ చాలామంది ఒక ముచ్చటైన ముగింపుకి వచ్చేస్తారు: జ్వరం కొండవాళ్ళకి కోటగోడ, బయటివాణ్ణి ఆపింది, వాళ్ళనేమీ చేయలేదు అని. సినిమాకి బావుంటుంది గానీ నాకు ఈ మాట నచ్చదు. పెద్దవాళ్ళు జ్వరం లేకుండా తిరుగుతున్నారంటే, ఆ స్థితికి ఎలా చేరారో చూడాలి కదా. 1924లో క్రిస్టోఫర్స్ అనే మలేరియా శాస్త్రవేత్త సింగ్‌భూమ్‌లో, అంటే ఇప్పటి జార్ఖండ్‌లో, ఆదివాసీ పల్లెల మీద చేసిన పని ప్రచురించాడు. వయసుల వారీగా రక్తపరీక్షలు చేస్తే, చంటిపిల్లల రక్తంలో పరాన్నజీవులు విపరీతంగా ఉన్నాయి. వయసు పెరిగేకొద్దీ తగ్గాయి. పెద్దవాళ్ళలో చాలా తక్కువ. అంటే పుట్టిన ప్రతి బిడ్డా ఆ పరీక్ష రాయాల్సిందే, పాసైనవాళ్ళే పెద్దవాళ్ళయ్యారు. బయట నుంచి వచ్చిన దొర చూసింది పాసైనవాళ్ళని. ఫెయిలైన పిల్లల్ని ఎవరూ లెక్కబెట్టలేదు. మన విశాఖ కొండల పక్కనే ఉన్న జయపురం సంస్థానపు కొండల్లో (1936 దాకా అది విశాఖపట్నం జిల్లాలోదే, ఆ తర్వాత ఒరిస్సాకి పోయింది) పెర్రీ అనే ఆయన మలేరియా సర్వే చేసి 1914లో అచ్చు వేయించాడు. అప్పటి పద్ధతి ఏంటంటే పిల్లల పొట్ట ఎడమ పక్క తడిమి, ప్లీహం ఎంత ఉబ్బిందో చూడటం. ఏ పల్లెలో ఎంతమంది పిల్లలకి ప్లీహం ఉబ్బితే అక్కడ మలేరియా అంత ముదిరినట్టు. ల్యాబు లేదు, కరెంటు లేదు, వేళ్ళే పరికరం. నాకైతే ఇది చాలా అందమైన ఇంజనీరింగ్ అనిపిస్తుంది.

అన్నట్టు, ఈ పరీక్ష తాలూకు గుర్తులు మన జీన్స్‌లోనే మిగిలాయి. మలేరియా ఉన్న చోట కొన్ని రక్తలోపాలు మనిషిని కాపాడతాయేమో అని 1949లో హాల్డేన్ ఊహించాడు. ఆయన తర్వాత ఇండియాకి వచ్చేసి 1964లో భువనేశ్వర్లో పోయాడు. సికిల్ సెల్ లక్షణం ఒక్క కాపీ ఉంటే మలేరియా నుంచి రక్షణ ఉంటుందని 1954లో ఆలిసన్ ఆఫ్రికాలో చూపించాడు. రెండు కాపీలు ఉంటే మాత్రం జీవితమంతా నరకం. మన ఏజెన్సీ గిరిజనుల్లో ఆ జీన్ ఉంది. కోటగోడ అన్నామే, దాని అద్దె ఇప్పటికీ కడుతున్నది ఎవరో తెలిసిందిగా.

సరే, దోమ దగ్గరకొద్దాం. ఈ కథలో మన హైదరాబాదుకి ఉన్న వాటా అందరికీ తెలిసిందే. బేగంపేటలో పాత విమానాశ్రయం పక్కన రోనాల్డ్ రాస్ పేరు మీద ఉన్న ఆ పాత భవనం ముందు నుంచి రోజూ వేలమంది క్యాబుల్లో వెళ్తుంటారు. 1897 ఆగస్టు 20న రాస్ అక్కడ, మచ్చల రెక్కల దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. హుసేన్ ఖాన్ అనే రోగి తనని కుట్టిన ఒక్కో దోమకీ ఒక్కో అణా తీసుకున్నాడు. ఇదంతా స్కూల్లో చదివాం. చదవనిది ఏంటంటే, దానికి రెండేళ్ళ ముందు రాస్ చేసిన పని. రాస్ గురువు మాన్సన్‌కి ఒక సిద్ధాంతం ఉండేది: దోమ నీళ్ళలో పడి చస్తుంది, దాంట్లోని పరాన్నజీవి నీళ్ళలో కలుస్తుంది, ఆ నీళ్ళు తాగినవాడికి మలేరియా వస్తుంది. నిజమో కాదో చూద్దామని రాస్ 1895లో సికింద్రాబాదులో కొందరు మనుషులకి డబ్బులిచ్చి, చచ్చిన దోమల నీళ్ళు తాగించాడు! ఇప్పుడైతే ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు. ఒకతనికి కాస్త వొళ్ళు వెచ్చబడింది గానీ రక్తంలో ఏమీ కనబడలేదు. చూశారా, లండన్లో కూర్చున్న మాన్సన్ గారు కూడా కాసేపు "నీళ్ళు పడలేదు" పార్టీయే.

ఇంకో ముక్క. 1897 ఏప్రిల్లో రాస్ సెలవు పెట్టి ఊటీ వెళ్ళాడు. ఊటీలో మలేరియా లేదు. కొండ దిగితే సీగూరు ఘాట్ లోయలో కాఫీ తోటల దగ్గర బోలెడంత ఉంది. చూద్దామని దిగాడు, జ్వరం తెచ్చుకున్నాడు. తన రక్తంలోనే పరాన్నజీవి దొరికింది. అక్కడే మచ్చల రెక్కల దోమ ఒకటి ఆయన కంటబడింది కూడా. గాలి కాదు, ఎత్తు కాదు, ఇంకేదో ఉందని రాస్‌కి గట్టిగా అనిపించడంలో ఆ కొండ జ్వరం పాత్ర ఉందంటారు. 1898లో కలకత్తాలో పిట్టల మలేరియాతో మొత్తం చక్రం తేల్చాడు, 1902లో నోబెల్ వచ్చింది.

దోమ అని తేలాక పని అయిపోయినట్టేనా? ఏ దోమ అన్నది అసలు ప్రశ్న. మనకి చిన్నప్పటి నుంచీ నూరిపోసింది "మురుగు నీరు నిలవ ఉంచకండి" అని. తూర్పు కనుమల్లో ముఖ్యమైన మలేరియా దోమల్లో ఒకటి అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్. ఇది మురుగుని చూస్తే పారిపోతుంది. దానికి కావాల్సింది తేటగా, మెల్లగా పారే నీళ్ళు: ఊటలు, గెడ్డల అంచుల్లో గడ్డి, కొండవాలు మడుల్లోంచి జారే నీరు. అంటే మనం చూసి "అబ్బ, ఎంత స్వచ్ఛంగా ఉన్నాయో" అని దోసిళ్ళతో తాగే నీళ్ళన్నమాట. జోరువానలకి గెడ్డలు పొంగి లార్వాలు కొట్టుకుపోతాయి, వానలు తగ్గి నీరు తేటపడగానే మళ్ళీ మొదలు. దసరా నుంచి సంక్రాంతి దాకా, సరిగ్గా మన టూరిస్టు సీజన్ :) బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్ళకి ఈ సంగతి డబ్బు రూపంలో తెలిసొచ్చింది. రాయ్‌పూర్ నుంచి విజయనగరం లైను 1930ల మొదట్లో పూర్తయింది, అదంతా జ్వరాల కొండల్లోంచే. రైల్వే తన సొంత మలేరియా శాస్త్రవేత్తని పెట్టుకుంది, సీనియర్ వైట్ అని. జయపురం కొండల్లో ఏ దోమ ఎక్కడ పెరుగుతుందో, ఏది మనిషిని కుడుతుందో ఆయన 1930ల్లో ఏళ్ళ తరబడి లెక్కలు తీశాడు. రైలు కోసమే చేశారు, గిరిజనుల కోసం కాదు. అయినా పనికొచ్చింది.

తర్వాత డీడీటీ వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏడాదికి ఏడున్నర కోట్ల మలేరియా కేసులు, ఎనిమిది లక్షల చావులు అని అంచనా. 1953లో జాతీయ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టారు, ఫలితాలు చూసి ఉత్సాహం వచ్చి 1958లో దాన్నే "నిర్మూలన" కార్యక్రమం చేశారు. 1965కి కేసులు లక్షకి దిగాయి, చావులు లెక్కల్లో సున్నా. ప్రపంచంలో ఎక్కడ చెప్పుకున్నా గొప్పే. 1976కి మళ్ళీ 64 లక్షల పైచిలుకు. ఇంత పెద్ద రోల్‌బ్యాక్ నేను ఏ ప్రాజెక్టులోనూ వినలేదు.

ఎందుకిలా అయిందో చాలా రాశారు: డీడీటీకి దోమలు అలవాటు పడ్డాయి, నిధులు తగ్గాయి, విజయం వచ్చేసిందని సిబ్బందిని తీసేశారు. కొండల మటుకు ఇంకో కారణం ఉంది, అది ఇంటి గోడలో ఉంది. డీడీటీ పని చేసేది గోడ మీద. కుట్టిన దోమ గోడ మీద వాలి, మందు అంటి చస్తుంది. సిమెంటు గోడైతే నెలల తరబడి ఆ పూత ఉంటుంది. గిరిజనుల ఇల్లు మట్టి గోడ. పండగొస్తే, పెళ్ళొస్తే ఇల్లాలు మట్టీ పేడా కలిపి శుభ్రంగా అలుకుతుంది. మందు అలుకు కిందకి పోతుంది. ఇంటిని శుభ్రంగా ఉంచుకున్నందుకు ఆవిణ్ణి తప్పు పట్టగలమా? పైగా పంట కోతకొచ్చే రోజుల్లో మగవాళ్ళు పోడు చేలో మంచె మీదే పడుకుంటారు, ఆ మంచెకి గోడలే ఉండవు. ఢిల్లీలో డిజైన్ చేసినవాడు యూజర్ ఇంటికి వెళ్ళి చూడకపోతే ఏమవుతుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు.

నిర్మూలన కార్యక్రమంలో ఇంకో సంగతి ఉంది, మన కథకి అదే కీలకం. పదిహేను రోజులకోసారి మలేరియా వర్కరు ఇంటింటికీ వచ్చి, జ్వరం ఎవరికైనా ఉందా అని అడిగి, వేలు గుచ్చి గాజు పలక మీద నెత్తురు చుక్క తీసుకుని, నాలుగు క్లోరోక్విన్ మాత్రలు మింగించి, గోడ మీద తేదీ వేసి వెళ్ళేవాడు. నియమం ఏంటంటే, ఏ జ్వరమైనా సరే, కాదని తేలేదాకా అది మలేరియానే. 1950ల్లో ఈ నియమం చాలా తెలివైనది, దాన్ని నేను వెక్కిరించను. మైక్రోస్కోపు ఎక్కడో కింద, మనిషి ఎక్కడో కొండ మీద. పలక కిందకి వెళ్ళి, ఎవరో చూసి, రిజల్టు తిరిగి పైకి రావడానికి వారాలు. ఆ లోపు ఫాల్సిపేరం మెదడుకెక్కితే మనిషి ఉండడు. అందుకే ముందు మాత్ర, తర్వాత పరీక్ష. లాగ్ వచ్చేలోపు రీస్టార్ట్.

కానీ ఆ పలకల్లో చాలా వాటిలో మలేరియా ఉండేది కాదు. పలకలో ఏమీ లేదంటే మలేరియా కాదని మాత్రమే అర్థం. మరి ఆ జ్వరం ఏంటి? దాన్ని అడిగే గడి ఆ రిజిస్టర్లో లేదు. మలేరియా కార్యక్రమం మలేరియాని లెక్కబెడుతుంది, మిగతాదంతా "నెగెటివ్". అలా దశాబ్దాల పాటు కొండ జ్వరాల్లో పెద్ద భాగం పేరు లేకుండా ఉండిపోయింది. చోటు పేరు పోయి రోగం పేరు వచ్చిందని సంతోషించాం, కానీ ఒకే రోగం పేరు వచ్చింది.

ఆ మిగతాదాంట్లో ముఖ్యమైంది ఒకటి, మనవాళ్ళు చాలామంది ఈ మధ్య దాకా పేరే వినలేదు: స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే నల్లి జాతి పురుగు ఒకటుంది, దాని పిల్ల మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటుంది. అది కుడితే ఒరియెన్షియా సుత్సుగముషి అనే బాక్టీరియా లోపలికెళ్తుంది. పేరు జపాన్‌ది, అక్కడి నదీ తీరాల రైతులు ఎప్పటి నుంచో ఎరిగిన జబ్బు. పురుగు తన గుడ్ల ద్వారా పిల్లలకి ఈ బాక్టీరియాని అందిస్తుంది కాబట్టి, ఒక పొదలోకి వచ్చిందంటే అక్కడ తరాల తరబడి ఉండిపోతుంది. "ఆ మలుపు దగ్గర పడుకుంటే జ్వరమొస్తుంది" అని కొండల్లో వినబడే మాటలకి ఇలాంటి ఆధారమేదో ఉండొచ్చని నా అనుమానం.

దీన్ని ప్రపంచానికి గట్టిగా చూపించింది రెండో ప్రపంచయుద్ధం, అస్సాం-బర్మా కొండల్లో. బ్రిటిష్ ఇండియా సైన్యపు సేనాని స్లిమ్ లెక్క ప్రకారం 1943లో గాయపడి వెనక్కొచ్చిన ఒక్కొక్కడికీ జబ్బు చేసి వచ్చినవాళ్ళు 120 మంది. మలేరియాకి మెపాక్రిన్ మాత్ర ఉంది, సైనికులు మింగుతున్నారో లేదో ఆకస్మిక తనిఖీలు చేసి, మింగించని అధికారుల్ని స్లిమ్ పదవిలోంచి పీకేశాడు కూడా. స్క్రబ్ టైఫస్‌కి మాత్రం మందే లేదు. నర్సింగే మందు.

మందు దొరికిన తీరు భలే ఉంటుంది. 1948లో అమెరికన్ డాక్టర్ల బృందం కొత్తగా వచ్చిన క్లోరాంఫెనికాల్‌ని పట్టుకుని మలయాలోని కౌలాలంపూర్ వెళ్ళింది, స్క్రబ్ టైఫస్ మీద పరీక్షించడానికి. మందు అద్భుతంగా పని చేసింది. రోగుల్లో ఇద్దరికి ఉన్నది స్క్రబ్ టైఫస్ కాదని తర్వాత తేలింది, అది టైఫాయిడ్. వాళ్ళకీ తగ్గింది! అప్పటిదాకా టైఫాయిడ్‌కి మందు లేదు. అలా రెండు జ్వరాల తేడా డాక్టర్లకే తెలియకపోవడం వల్ల టైఫాయిడ్‌కి మొదటి మందు దొరికింది. గందరగోళం వల్ల మేలు జరిగిన సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే.

అదే 1948లో, న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లే ల్యాబులో ఆరియోమైసిన్ బయటకొచ్చింది, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటిది. మిజోరీ నేలలోంచి తెచ్చిన మట్టిలో ఆ సూక్ష్మజీవిని పట్టింది బెంజమిన్ డగ్గర్, అప్పటికి డెబ్బై దాటిన ముసలాయన. ఆయన్ని ఆ పనిలో పెట్టుకుని పరిశోధన నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆ ఏడాది ఆగస్టులోనే ఆయన పోయారు. ఇవాళ స్క్రబ్ టైఫస్‌కి మొదటగా వాడే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలోనిదే. అరకు పి.హెచ్.సి.లో ఆ బిళ్ళ ఇస్తుంటే దాని వంశవృక్షంలో ఒక గోదావరి జిల్లా ఆయన ఉన్నాడని తల్చుకుంటే నాకు కాస్త గర్వంగా ఉంటుంది, ఎవరేమన్నా సరే.

మందు దొరికింది, యుద్ధం అయిపోయింది, మన దేశంలో స్క్రబ్ టైఫస్ మాట దాదాపు మర్చిపోయారు. తొంభైలు, రెండు వేలల్లో మళ్ళీ కనబడింది: హిమాచల్ కొండల్లో, వేలూరు చుట్టుపక్కల, తర్వాత తిరుపతి, హైదరాబాదు ఆస్పత్రుల్లో చిత్తూరు నుంచి తెలంగాణ దాకా వచ్చిన రోగుల్లో. గోరఖ్‌పూర్ పిల్లల మెదడువాపు కేసుల్లో కూడా దీనికి పెద్ద వాటా ఉందని 2010ల మధ్యలో తేలింది. అన్నేళ్ళు పోయిందా, ఇప్పుడు మళ్ళీ వచ్చిందా? పోలేదనే నేననుకుంటాను. వెతకడం మానేశారు. వెతకడం మొదలెట్టగానే దొరికింది.

మా టీంలో ఒకతను వంజంగి మేఘాలు చూసొచ్చిన పది రోజులకి జ్వరం పడ్డాడు. హైదరాబాదులో పెద్ద ఆస్పత్రే. మలేరియా లేదు, డెంగ్యూ లేదు, వైడాల్ పాజిటివ్. ఇంకేం, టైఫాయిడ్ అన్నారు, అయిదు రోజులు ఇంజక్షన్లు పొడిచారు, జ్వరం అంగుళం దిగలేదు. ఈ వైడాల్ పరీక్ష 1896 నాటిది, అంటే రాస్ దోమని చూడకముందుది. మన దగ్గర ఎప్పుడో ఒకసారి టైఫాయిడ్ తగిలినవాళ్ళూ, టీకా వేయించుకున్నవాళ్ళూ బోలెడుమంది కాబట్టి ఒక్కసారి చేసిన వైడాల్‌లో పాజిటివ్ రావడానికి పెద్ద కష్టం అక్కర్లేదు. రక్తం కల్చర్ చేస్తే తేలుతుంది, దానికి రోజులు పడుతుంది. చివరికి ఒక జూనియర్ డాక్టరమ్మ బెల్టు కట్టే చోట చిన్న నల్లటి పెచ్చు చూసింది. సిగరెట్‌తో కాల్చినట్టుంటుంది, నొప్పి ఉండదు, దురద ఉండదు, అందుకే మనవాడు పట్టించుకోలేదు. పురుగు కుట్టిన చోటది. డాక్సీసైక్లిన్ మొదలెట్టిన రెండో రోజుకి లేచి కూర్చుని ఇడ్లీ అడిగాడు. అతను నగరంలో, ఇన్సూరెన్స్‌తో, ఏసీ గదిలో ఉండి పోగొట్టుకున్నది ఒక వారం. ముంచంగిపుట్టు అవతల ఒక పల్లెలో ఇదే జ్వరం వస్తే ఆ వారం ఎలా గడుస్తుందో ఊహించండి. ముందు గురువు దగ్గరకో దిసారి దగ్గరకో వెళ్తారు, తర్వాత సంత రోజున కొండ దిగి ఆరెంపీ దగ్గర ఇంజక్షను, అదీ కాకపోతే డోలీ.

కొండల్లో మార్పు రాలేదని అనను. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చాక ఆశా కార్యకర్తలు వచ్చారు, పావుగంటలో మలేరియా తేల్చే కిట్లు వాళ్ళ సంచీలోకి వచ్చాయి. పలక కిందకి వెళ్ళి పైకి వచ్చే ఆ వారాల ఎదురుచూపు పోయింది. 2010 నాటి జాతీయ ఔషధ విధానంతో ఫాల్సిపేరానికి క్లోరోక్విన్ తీసేసి ఆర్టెమిసినిన్ కలిసిన మందులు దేశమంతా పెట్టారు, "ముందు మాత్ర" పద్ధతి పోయింది. మందు పూసిన దోమతెరలు వచ్చాయి, అవి అలుకుకి లోబడవు, మంచె మీదకీ వెళ్తాయి. కిట్టులో గీత రాకపోతే తర్వాత ఏం చేయాలన్నది మాత్రం ఇంకా ఆ కొండ మీద ఎవరున్నారన్న దాన్ని బట్టే నడుస్తోంది. స్క్రబ్ టైఫస్‌కి నమ్మకమైన పరీక్ష ఎలీసా, దానికి ల్యాబు కావాలి. 1916 నాటి వైల్-ఫీలిక్స్ పరీక్షతోనే నెట్టుకొస్తున్న చోట్లు చాలా ఉన్నాయి, అది సగం కేసులు వదిలేసే రకం. రోడ్లతో పాటు ప్లాస్టిక్ డబ్బాలు, సిమెంటు తొట్లు పైకెక్కాయి, వాటితో డెంగ్యూ దోమ కూడా. నల్ల పెచ్చు కోసం చంకల్లో, గజ్జల్లో, నడుం దగ్గర చూడటానికి ల్యాబు అక్కర్లేదు, పెర్రీ కాలంలో ప్లీహం తడిమినట్టే. కానీ దానికి రోగిని పూర్తిగా పరీక్షించే తీరిక కావాలి, ఆడవాళ్ళ విషయంలో ఆడ డాక్టరో నర్సో కావాలి.

2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు పాడేరు కేంద్రంగా అల్లూరి పేరు మీద ఒక జిల్లా, పార్వతీపురం మన్యం అని ఇంకో జిల్లా వచ్చాయి. మన్యం అన్న మాట సర్కారు బోర్డుల మీదకెక్కింది, సంతోషం. డిసెంబర్లో మనం ఆ బోర్డులు దాటుకునే లంబసింగి చలికి వెళ్తాం. వెళ్ళొచ్చాక జ్వరం వస్తే డాక్టరు అడగకపోయినా ఎక్కడికెళ్ళొచ్చారో, ఎప్పుడు వెళ్ళారో చెప్పండి. స్క్రబ్ టైఫస్ వారం నుంచి మూడు వారాల్లో బయటపడుతుంది. ఫాల్సిపేరం సాధారణంగా నెలలోపు. వైవాక్స్ రకం మలేరియా లివర్లో దాక్కుని నెలల తర్వాత కూడా లేస్తుంది, దానికి పద్నాలుగు రోజుల ప్రిమాక్విన్ కోర్సు ఉంటుంది, మూడో రోజు జ్వరం తగ్గిందని జనం ఆపేసేది దాన్నే. అంచేత ఉగాదికి జ్వరం వచ్చినా సరే, సంక్రాంతి సెలవుల్లో అరకు వెళ్ళిన సంగతి డాక్టరు చెవిన వెయ్యండి.